పని చేసుకుంటూ చదివేవాళ్ళ కాలేజీకి ప్రెసిడెంట్ అంటే అసలు చేసే పనేంటి?

కృష్ణవేణి_టెక్సస్

టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ల కౌంటర్ దగ్గర పని చేస్తున్నాను. పెద్ద యూనివర్సిటీలకి ఎవరు ప్రెసిడెంట్ అయ్యారన్నది మన గ్రూపుల్లో బాగానే చర్చకొస్తుంది, ఈ రెండేళ్ళ కాలేజీలు నడిపేవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కమ్యూనిటీ కాలేజీకి ఎంట్రన్సు లేదు, ఎవరొచ్చినా చేర్చుకుంటారు, ఫీజు తక్కువ. దాదాపు 60 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకి లెక్కగట్టే పాయింట్లు) చేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు, దాంతో ఉద్యోగానికైనా పోవచ్చు, యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకైనా పోవచ్చు. చేరేవాళ్ళలో ఎక్కువమంది పార్ట్‌టైమ్. పగలంతా వాల్‌మార్ట్‌లోనో ఆసుపత్రిలోనో పని చేసి, పిల్లల్ని ఎవరి దగ్గరో వదిలి సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్ళు.

నేను చెప్పాలనుకున్నది రసెల్ లోవరీ-హార్ట్ అనే ఆయన గురించి. అమరిల్లో అని టెక్సస్ ఉత్తరాన, గొడ్డుమాంసం ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉండే ఊరు. అక్కడి అమరిల్లో కాలేజీకి ఆయన 2010లో అకడమిక్ వ్యవహారాల వైస్ ప్రెసిడెంట్‌గా వచ్చి, 2014లో ప్రెసిడెంట్ అయ్యారు. అంతకుముందు పక్కనే ఉన్న యూనివర్సిటీలో పని చేశారు. వచ్చిన కొత్తలో విద్యార్థుల్ని మీ చదువుకి అడ్డం పడుతున్నవేంటని అడిగించారు. లెక్కలు రావడం లేదనో ఇంగ్లిష్ కష్టంగా ఉందనో అంటారని లెక్చరర్లంతా అనుకుంటే, మొదటి పది కారణాల్లో క్లాసుకి సంబంధించింది ఒక్కటీ లేదు. ఇంటద్దె, పిల్లల్ని చూసుకునే మనిషి, కారు రిపేరు, కరెంటు బిల్లు, డాక్టరు ఖర్చు, అన్నీ ఇవే.

ఆ జాబితా చూసి ఆయన కాలేజీనే మార్చడం మొదలుపెట్టారు. 2016లో క్యాంపస్ మధ్యలో అందరికీ కనిపించే చోట అడ్వొకసీ అండ్ రిసోర్స్ సెంటర్ పెట్టించారు. అందులో సోషల్ వర్కర్లు ఉంటారు, తిండి సామాన్లు ఉంటాయి, కరెంటు కట్ అయ్యేలా ఉంటే అత్యవసర సాయం దొరుకుతుంది. పదహారు వారాల సెమిస్టర్‌ని చాలా కోర్సులకి ఎనిమిది వారాలు చేశారు. అమరిల్లో కాలేజీకి 2023లో యాస్పెన్ ప్రైజ్ వచ్చింది, ఇంపీరియల్ వ్యాలీ కాలేజీతో కలిపి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలకిచ్చే పెద్ద గుర్తింపు అది. అదే ఏడాది ఆయన ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీకి ఛాన్సలర్‌గా, అంటే ప్రెసిడెంట్ లాంటి పదవికే, వెళ్ళారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇలాంటి కాలేజీ ప్రెసిడెంట్ ఎంత గొప్పవాడో ఆయన ఉపన్యాసాల్లో కాదు, ఆఫీసు ఎన్నింటికి మూస్తారు, ఫామ్‌లో ఎన్ని పేజీలు ఉన్నాయి, క్లాసు ఎన్ని వారాలు అనే చిన్న విషయాల్లో తెలుస్తుంది. మీరేమంటారు?

సత్తుపల్లి_శ్రీను

కృష్ణవేణి గారూ, బాగా రాశారు కానీ నేను ఒప్పుకోను. కాలేజీ పని చదువు చెప్పడం. అద్దె కట్టడం, సరుకులివ్వడం ప్రభుత్వం పని, లేకపోతే గుడీ చర్చీ చేసుకోవాలి. ప్రెసిడెంటే అన్నీ నెత్తిన పెట్టుకుంటే లెక్చరర్లని, ల్యాబుల్ని ఎవరు చూస్తారు? ఇంకోటి, పాస్ శాతం పెంచాలన్న టార్గెట్ పెడితే పేపరు తేలిక చేసి పాస్ చేయించేస్తారు, మన దగ్గర ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో చూశాం కదా. ఎనిమిది వారాల్లో కాలిక్యులస్ అంటే నాకు నమ్మకం లేదు.

బోస్టన్_నర్సమ్మ

శ్రీను గారూ, నేను కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ చేసి, లైసెన్సు తెచ్చుకున్నదాన్ని. కాలేజీ నాకు ఎన్ని మార్కులు వేసినా, లైసెన్సు పరీక్ష వేరేవాళ్ళు పెడతారు. అది యూనివర్సిటీలో నాలుగేళ్ళు చదివిన అమ్మాయికీ నాకూ ఒకటే. తేలికగా పాస్ చేయించి పంపితే అక్కడే దొరికిపోతారు. కాబట్టి కనీసం మా రంగంలో మీ భయానికి ఆస్కారం లేదు.

కాలేజీ వేళల గురించి ఒక మాట. బోస్టన్‌లో బంకర్ హిల్ కమ్యూనిటీ కాలేజీ ఉంది, ఎదురుగా ఉన్న రైలు స్టేషన్ పేరు కూడా కమ్యూనిటీ కాలేజీయే. 2009లో ఆర్థిక మాంద్యం దెబ్బకి ఉద్యోగాలు పోయినవాళ్ళంతా చదువుకుందామని వచ్చేసరికి పగలు గదులు చాల్లేదు. అప్పుడు రాత్రి 11:45 నుంచి 2:30 దాకా క్లాసులు పెట్టారు. ఆలోచన లెక్చరర్లది, అప్పటి ప్రెసిడెంట్ మేరీ ఫిఫీల్డ్ సరే అన్నారు. ఆ "సరే" అనడంలో ఎంత ఉందో ఆలోచించండి. సెక్యూరిటీ మనిషి కావాలి, లైట్లు వెలగాలి, ఆ టైముకి రైళ్ళు ఉండవు కాబట్టి పార్కింగ్ తెరిచి ఉంచాలి, హీటింగ్ ఆపకూడదు. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చేవాడికి మామూలు సాయంత్రం బ్యాచ్ ఎందుకూ పనికిరాదు. నేనూ పదకొండింటికి డ్యూటీ దిగేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

కృష్ణవేణి_టెక్సస్

నర్సమ్మ గారూ, ఆ లైసెన్సు మాట నాకు తట్టనే లేదు, చాలా మంచి పాయింటు.

శ్రీను గారూ, ఎనిమిది వారాల లెక్క మా కౌంటర్ దగ్గర నిలబడితే బాగా అర్థమవుతుంది. పదహారు వారాల్లో నాలుగు కోర్సులు తీసుకున్న ఆవిడకి తొమ్మిదో వారంలో కారు చెడిపోయిందనుకోండి. నాలుగూ పోతాయి, కట్టిన డబ్బు పోతుంది, ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వం చదువుకిచ్చే సాయం) తీసుకుని ఉంటే కొంత వెనక్కి కట్టమంటారు కూడా. అదే ఎనిమిదేసి వారాలైతే మొదట రెండు, తర్వాత రెండు. తొమ్మిదో వారం దెబ్బ తగిలేసరికి మొదటి రెండు చేతికొచ్చి ఉంటాయి, వాటిని ఎవరూ లాక్కోలేరు. జనవరిలో మళ్ళీ చేరడానికి ఆవిడకి మొహం చెల్లుతుంది. కాలిక్యులస్ కష్టమన్నది నిజమే, కాదనను, అందుకే అమరిల్లోలో ట్యూటరింగ్ మీద కూడా అంత పట్టు పట్టారు.

చదువు చెప్పడమే పని అన్నారు. ఆకలితో ఉన్న మనిషికి చెప్పిన చదువు ఎంత ఎక్కుతుంది సర్? లోవరీ-హార్ట్ ఒకసారి వేకో అనే ఊళ్ళో ఒక వారాంతం ఇల్లు లేనివాళ్ళలాగా వీధుల్లో ఉండి చూశారు. దాన్ని డ్రామా అన్నవాళ్ళూ ఉన్నారు, నేననను. తన విద్యార్థి రాత్రి ఎక్కడ పడుకుంటుందో తెలుసుకోవాలని అనుకున్న ప్రెసిడెంట్లు ఎంతమంది ఉన్నారు?

పాతబస్తీ_మాస్టారు

అమ్మా కృష్ణవేణీ, మీరంతా అమెరికా సంగతులు చెప్తున్నారు, మన హైదరాబాదు సంగతి నేను చెప్తాను. డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసులు చాలా ఏళ్ళు తీసుకున్నాను.

మన దేశంలో పని చేసుకునేవాళ్ళ చదువుకి తలుపు తీసిన మనిషంటే నాకు గుర్తొచ్చేది జి. రాంరెడ్డి గారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రొఫెసరు, ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ గారు, మొదటి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డి గారు. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. 1991లో అంబేద్కర్ గారి పేరు పెట్టారు. ఇక్కడ చేసింది చూసి 1985లో ఢిల్లీలో ఇగ్నో అనే జాతీయ ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికీ ఆయన్నే మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. తర్వాత యూజీసీ చైర్మన్ అయ్యారు, 1995లో పోయారు.

శ్రీను, నువ్వు ప్రమాణాలు పడిపోతాయంటున్నావే, సరిగ్గా ఇదే మాట అప్పుడు రెగ్యులర్ కాలేజీల్లో మేమంతా స్టాఫ్ రూముల్లో అనుకునేవాళ్ళం. ఇంటర్ పాసవకపోయినా పద్దెనిమిదేళ్ళు నిండి అర్హత పరీక్ష గట్టెక్కితే డిగ్రీలో చేర్చుకోవడం ఏంటని. కానీ నా క్లాసుకి వచ్చినవాళ్ళు ఎవరు? ఆర్టీసీ కండక్టరు, కానిస్టేబులు, పెళ్ళయ్యాక చదువు ఆగిపోయిన ఇల్లాలు, అటెండరుగా ఉండి డిగ్రీ ఉంటే ప్రమోషన్ వస్తుందని ఆశపడే మనిషి. ఆదివారం పొద్దున మన డిగ్రీ కాలేజీ గదే, అవే బెంచీలు, కానీ కూర్చున్నవాళ్ళు వేరు. పంచాయతీరాజ్ వ్యవస్థ పాఠం చెప్తుంటే వెనక బెంచీలో నుంచి ఒకాయన లేచి, సార్, పుస్తకంలో ఉన్నట్టు గ్రామసభ జరగదు, మా ఊళ్ళో రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు అని చెప్పాడు. అతను పంచాయతీ ఆఫీసులో బిల్లు కలెక్టరు. ఆ రోజు అరగంట అతనే చెప్పాడు, నేను విన్నాను. రెగ్యులర్ క్లాసులో నాకు అలాంటి విద్యార్థి ఎప్పుడూ దొరకలేదు.

రాంరెడ్డి గారి తెలివంతా ఎక్కడుందంటే, ఉన్న కాలేజీ భవనాల్నే ఆదివారాలు వాడుకోవడంలో, తెలుగులో పాఠాలు సొంతంగా రాయించి ఇంటికి పంపించడంలో. పేరున్న ప్రొఫెసర్లని కూర్చోబెట్టి, పక్కన మాస్టారు లేకుండా చదివేవాడికి అర్థమయ్యేలా రాయండి అని రాయించారు. ఆ పుస్తకాలే ఇవాళ గ్రూప్స్ పరీక్షలకి పిల్లలు వెతికి మరీ కొంటున్నారు.

మియామీ_మురళి

మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను.

కాలేజీ ప్రెసిడెంట్ల మాట వచ్చింది కాబట్టి ఎడ్వర్డో పద్రోన్ పేరు చెప్పకుండా ఉండలేను. క్యూబా నుంచి 1961లో పదిహేనేళ్ళప్పుడు తమ్ముడితో కలిసి, అమ్మానాన్న లేకుండా మియామీకి వచ్చిన కుర్రాడు. అప్పట్లో వేలమంది క్యూబా పిల్లల్ని అలా పంపించారు. ఇంగ్లిష్ రాదు. ఇక్కడి జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాలేజీ కాదు, కమ్యూనిటీ కాలేజీకి పాత పేరు) చేరాడు, దాన్నే తర్వాత మియామీ డేడ్ కాలేజీ అన్నారు. ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, మళ్ళీ అదే కాలేజీకి పాఠం చెప్పడానికి వచ్చి, క్యాంపస్ ప్రెసిడెంటై, 1995 నుంచి 2019 దాకా మొత్తం కాలేజీకి ప్రెసిడెంట్‌గా ఉన్నారు. 2016లో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు.

చేరినవాడే నడిపేవాడయ్యాడు, నాకు నచ్చింది అది. ఇరవైనాలుగేళ్ళు ఒకే కుర్చీలో ఉంటే నిలకడ వస్తుంది. మన దగ్గర ప్రిన్సిపాల్‌కి కాలేజీలో ఏ గది ఎక్కడుందో తెలిసేలోపు బదిలీ అయిపోతుంది. ఆయన ఏం మార్చగలడు చెప్పండి.

అనకాపల్లి_అమ్మాయి

అందరికీ నమస్తే. నేను హెచ్4 (మా ఆయన ఉద్యోగ వీసా మీద వచ్చిన డిపెండెంట్ వీసా) మీద డల్లాస్ దగ్గర ఉంటున్నా, ఇద్దరు పిల్లలు. బీకాం అయ్యింది. కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ చేద్దామని ఆలోచన. కృష్ణవేణి అక్కా, మాలాంటివాళ్ళని చేర్చుకుంటారా? ఇంకో డౌటు, ఈ ప్రెసిడెంట్లు ఎలా అవుతారు? గవర్నమెంటు వేస్తుందా?

కృష్ణవేణి_టెక్సస్

చేర్చుకుంటారమ్మా. హెచ్4 మీద చదువుకోవచ్చు, పార్ట్‌టైమ్ కూడా తీసుకోవచ్చు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళలా ఫుల్‌టైమ్ తప్పనిసరి కాదు. ఫెడరల్ ఎయిడ్ మాత్రం రాదు. లోకల్ ఫీజు వర్తిస్తుందా అన్నది మీరెంతకాలంగా ఇక్కడ ఉంటున్నారు, ఏ కౌంటీ అన్నదాన్ని బట్టి ఉంటుంది, లీజు కాగితాలు, వీసా కాగితాలు పట్టుకెళ్ళి అడగండి. మీ బీకాం మార్కుల్ని ఇక్కడి క్రెడిట్లకి లెక్కగట్టే ఏజెన్సీలు వేరే ఉన్నాయి, ముందు కాలేజీ ఏ ఏజెన్సీని ఒప్పుకుంటుందో కనుక్కుని అప్పుడే డబ్బు కట్టండి.

ప్రెసిడెంట్‌ని కాలేజీ బోర్డు వేస్తుంది. టెక్సస్‌లో ఆ బోర్డు సభ్యుల్ని ఊరివాళ్ళు ఓటేసి ఎన్నుకుంటారు. కాలేజీకి డబ్బు మూడు వైపుల నుంచి వస్తుంది, రాష్ట్రం, స్థానిక ఆస్తి పన్ను, ఫీజులు. కాబట్టి ప్రెసిడెంట్ పొద్దున లెక్చరర్లతో మీటింగు పెడితే, మధ్యాహ్నం ఊళ్ళో వ్యాపారుల దగ్గరికెళ్ళి మీ పన్ను డబ్బుతో మేము తయారుచేసేది మీకు కావలసిన వెల్డర్లని, నర్సుల్నే అని ఒప్పించాలి. మామూలుగా లెక్చరర్, డిపార్ట్‌మెంట్ హెడ్, డీన్, వైస్ ప్రెసిడెంట్, ఆ వరసలో వస్తారు, ఎక్కువమందికి డాక్టరేట్ ఉంటుంది. 2023లో టెక్సస్‌లో హౌస్ బిల్ 8 అని చట్టం తెచ్చి, రాష్ట్రం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగాన్ని ఎంతమంది సర్టిఫికెట్లు, డిగ్రీలు పూర్తి చేశారన్న దానికి ముడిపెట్టారు. శ్రీను గారి భయానికి అసలు ఆధారం ఇక్కడుంది, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను.

నేను మొదట పని చేసిన చోట, పేరు చెప్పను, ఆఫీసు సరిగ్గా ఐదింటికి మూసేవాళ్ళు. ఐదూ ఇరవైకి ఒకావిడ కిరాణా స్టోర్ యూనిఫామ్‌లోనే పరిగెత్తుకుంటూ వచ్చింది, మెడలో బ్యాడ్జి కూడా తియ్యలేదు. ఆ రోజే ఫీజు ఆఖరు, కట్టకపోతే క్లాసుల్లోంచి తీసేస్తారు. ఆన్‌లైన్‌లో కట్టబోతే అకౌంటు మీద ఏదో హోల్డ్ ఉంది, అది తీయాల్సిన మనిషి లోపలే ఉంది కానీ కంప్యూటర్ ఆపేసింది. తెల్లారేసరికి ఆవిడ పేరు లిస్టులో లేదు. ఇప్పుడున్న కాలేజీలో మా ప్రెసిడెంట్ వచ్చిన కొత్తలోనే వారంలో కొన్ని రోజులు ఏడింటిదాకా తెరవమన్నారు. స్టాఫ్ గొణిగారు, నేనూ గొణిగాను, నాకూ ఇంట్లో పిల్లలున్నారు. కానీ ఐదున్నరకి వచ్చే లైను చూస్తే గొణగడానికి నోరు రాదు.

సత్తుపల్లి_శ్రీను

సరే, హౌస్ బిల్ 8 సంగతి ఒప్పుకున్నందుకు థ్యాంక్స్. మాస్టారూ, మీరు చెప్పిన బిల్లు కలెక్టర్ విషయం నిజంగా నచ్చింది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. లోవరీ-హార్ట్ అమరిల్లో నుంచి వెళ్ళిపోయాక కూడా అక్కడ ఆ సెంటర్ అలాగే నడవాలి కదా. ఒక మంచి మనిషి మీద ఆధారపడి కడితే, ఆయన వెళ్ళిన రోజున మొదటి కోత పడేది సోషల్ వర్కర్ల మీదే. ల్యాబు అయితే పీకెయ్యరు.

బోస్టన్_నర్సమ్మ

ఈ ప్రశ్న మాత్రం చాలా మంచిది. అందుకే చట్టం కూడా కావాలంటాను. చూడండి, ఉచిత చదువు పథకాలు దాదాపు ప్రతిచోటా ముందు హైస్కూల్ అయిన పిల్లలకే వచ్చాయి. టెనసీలో 2015లో పిల్లలకి మొదలైతే, పెద్దవాళ్ళకి 2018లో వచ్చింది. లోవరీ-హార్ట్ గారి ఆస్టిన్‌లో కూడా 2024లో పెట్టిన ఫీజు లేని చదువు మొదట కొత్తగా హైస్కూల్ దాటినవాళ్ళకే. మా మసాచుసెట్స్‌లో తిరగేసి చేశారు, 2023లో మాస్ రీకనెక్ట్ అని పాతికేళ్ళు దాటి డిగ్రీ లేనివాళ్ళకి ముందు ఇచ్చి, 2024లో మిగతావాళ్ళకి ఇచ్చారు. బంకర్ హిల్‌కి 2013లో ప్రెసిడెంట్ అయిన పామ్ ఎడింగర్ హాంకాంగ్‌లో పుట్టి, పదకొండేళ్ళప్పుడు అమెరికా వచ్చిన మనిషి. విద్యార్థుల ఆకలి గురించి, అద్దెల గురించి బయట గట్టిగా మాట్లాడే ప్రెసిడెంట్లలో ఆవిడ ఒకరు. ప్రెసిడెంట్ల పనిలో ఇదీ భాగమే, క్యాంపస్ దాటి అసెంబ్లీ మెట్లెక్కడం.

క్యాబ్_డిగ్రీ

అన్నలకి అక్కలకి నమస్తే. హైదరాబాదులో క్యాబ్ నడుపుతున్నా, ఊరు మహబూబ్‌నగర్ దగ్గర. ఇంటర్ తప్పి మళ్ళీ ముట్టలేదు. మాస్టారు చెప్పిన ఓపెన్ డిగ్రీ చేద్దామని మూడు రోజులుగా ఈ చర్చ మొత్తం చదువుతున్నా. ఒక పెద్ద టెన్షన్ ఏందంటే ఆదివారమే మాకు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు ఎక్కువ, ఆ రోజు పోతే వారం ఈఎంఐకి కష్టం. క్లాసుకి రాకపోతే తీసేస్తారా? వయసు ముప్పై నాలుగు, ఇప్పుడు బాగుంటదా?

పాతబస్తీ_మాస్టారు

బాబూ, వయసు సంగతి అస్సలు మనసులో పెట్టుకోకు. నా క్లాసులో ఒక తండ్రీ కూతురూ ఒకే బెంచీలో కూర్చుని బీఏ చేశారు.

డిగ్రీకి ఆదివారం క్లాసులు నీకు సాయం కోసం, ఎక్కువ కోర్సుల్లో రాకపోయినా పరీక్ష రాయనిస్తారు. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్‌కి మాత్రం హాజరు కావాలి, నీ పనికి ఆర్ట్స్ నయం. నీకు ఇంటర్ లేదు కాబట్టి ఈ ఏడాది చేర్చుకునే నిబంధన ఎలా ఉందో ముందు చూడాలి, అవి మారుతుంటాయి. జూబ్లీహిల్స్‌లో యూనివర్సిటీ ఆఫీసు ఉంది, ట్రిప్పు అటు పడిన రోజు లోపలికెళ్ళి ఆర్ట్స్ ప్రాస్పెక్టస్ అడుగు. నీ ఇంటికి దగ్గర స్టడీ సెంటర్ ఏదో అందులో ఉంటుంది, దాని పేరు ఇక్కడ పెట్టు, అక్కడి కోఆర్డినేటర్ నా పాత విద్యార్థి అయ్యుండొచ్చు, మాట్లాడతాను. పుస్తకాలు వచ్చాక మొదట పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తీసి చదువు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో మీకు గంటలు గంటలు ఖాళీ ఉంటుందని మా మనవడు చెప్పాడు.

అనకాపల్లి_అమ్మాయి

కృష్ణవేణి అక్కా, మంగళవారం వెళ్తున్నా కాగితాలు పట్టుకుని. అక్కడ పిల్లల్ని చూసుకునే సెంటర్ ఉందా అని అడిగితే ఏమైనా అనుకుంటారా?

కృష్ణవేణి_టెక్సస్

అనుకోరు, తప్పకుండా అడుగు. లేదంటే ఎందుకు లేదని కూడా అడుగు. కౌంటర్ దగ్గర ఎంతమంది అడిగారో మేము రాసుకుంటాం, నెలాఖరుకి ఆ కాగితం పైకి వెళ్తుంది.